ఓడ ఒకచోట, చార ఒకచోట

పోయిన వారం మనం షీనాను ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో, వాళ్ల ఆఫీసు తొమ్మిదో అంతస్తులో, కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. కాఫీ కూడా తాగలేదు. కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆమె దగ్గరికి పోదాం.

షీనా ఉద్యోగం ఉపగ్రహాలు తీసిన బొమ్మల్లో ఓడలను వెతకడం. సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు తామెక్కడున్నామో చెప్పే సంకేతం ఒకటి పంపుతూ ఉండాలి. దొంగబుద్ధి పుట్టిన ఓడ మొట్టమొదట చేసే పని దాన్ని ఆపేయడం. అలా నోరు మూసుకున్న ఓడలను బొమ్మల్లో పట్టుకుని, అవి న్యూజిలాండ్ సముద్రపు గీతకు లోపల ఉన్నాయో బయట ఉన్నాయో ప్రభుత్వానికి చెప్పే చిన్న కంపెనీ వాళ్లది. పడమటి సముద్రంలో మూడు వారాలుగా అలా మూగబోయి తిరుగుతున్న చేపల ఓడ ఒకటుంది. పేరు ఈస్టర్న్ లాంతర్. షీనావాళ్ల ఇంట్లోనే ఉంటున్న ఆమె పెద్దమ్మ కూతురు లవ్లీ, ఆ లవ్లీ భర్త రెజినాల్డ్ దాని మీద కూలివాడిగా ఉన్నాడు.

సరుకుల ఓడలో ఉద్యోగమని కాకినాడలో ఏజెంటు జయరాజు చెబితే నమ్మి ఎక్కాడు. జయరాజు పరాయివాడు కాదు, వాళ్ల చర్చి సంఘంలో పెద్ద, అందరికీ అంకుల్. ఎక్కాక చూస్తే వలలు, ఐసు, చేపలు. కిందటి నెల వల లాగే యంత్రంలో రెజినాల్డ్ కుడి చెయ్యి పడింది. రెండు వేళ్లు నలిగాయనీ, వాపు మోచేతి దాకా పాకిందనీ, ఇంధనం తెచ్చిన ఓడెక్కి బయటపడ్డ ఇండోనేషియా మనిషి ఒకడు లవ్లీకి కబురు పంపాడు. చేపల గది నిండేదాకా రేవు ముఖం చూసేది లేదని కెప్టెన్ అన్నాడట. న్యూజిలాండ్ సముద్ర రక్షణ కేంద్రం వాళ్లు ఓడను రేడియోలో పిలిచి అడిగితే అందరూ క్షేమమని జవాబు వచ్చింది. ఓడ గీతకు బయట ఉన్నంతకాలం అంతకుమించి ఎవరూ ఏమీ చేయలేరు. లోపలికి వచ్చి దొంగచాటుగా వల వేసిందని తేలితే మాత్రం పహారా ఓడ వెళ్లి ఆపొచ్చు, పైకెక్కి చూడొచ్చు, రెజినాల్డును దించి ఆసుపత్రికి తేవచ్చు. అందుకని దొంగలను పట్టుకునే ఉద్యోగం చేస్తున్న షీనా కొన్నాళ్లుగా ఒకటే కోరుకుంటోంది. ఆ ఓడ దొంగతనం చేయాలి, అదీ గీత లోపల.

ఆదివారం సాయంత్రం తీసిన బొమ్మను ఆమె పక్క సీటు అభినయ్ సోమవారమే చదివేశాడు. ఓడ గీతకు బయట ఉంది అని తేల్చి, పై సంతకానికి పంపాడు. మంగళవారం పొద్దున షీనా అదే బొమ్మను మళ్లీ తెరిచింది. అక్కడ ఆపాం.

బొమ్మ అంటే మీరూ నేనూ సెల్‌ఫోనుతో తీసే ఫొటో లాంటిది కాదు. ఆ వారమంతా పడమటి సముద్రం మీద మబ్బు కమ్ముకుని ఉంది. మబ్బును దాటి చూడాలంటే రాడార్ కావాలి. ఉపగ్రహం కిందికి తరంగాలు పంపుతుంది, తిరిగొచ్చిన వాటితో బొమ్మ కడుతుంది. నీళ్లు నల్లగా, ఇనుము తెల్లగా పడతాయి. ఈస్టర్న్ లాంతర్ అందులో బియ్యపు గింజంత తెల్ల చుక్క. చుక్క నిజంగానే గీతకు అవతల ఉంది. అభినయ్ తప్పు చదవలేదు, కళ్లకు కనిపించిందే రాశాడు.

షీనా చూసింది చుక్కను కాదు. ఓడ పోతున్నప్పుడు వెనక నీళ్లు చీలి పొడుగ్గా చార పడుతుంది కదా, దాన్ని. సన్నగా, వెలిసిపోయిన ముగ్గులా, నల్లటి నీటి మీద అది కనీకనపడకుండా ఉంది. దాని కొస గీతకు ఇవతల ఉంది. ఓడ అవతల, ఓడ చీల్చిన నీళ్లు ఇవతల. చూసేవాళ్లకు పిచ్చెత్తినట్టుంటుంది, బస్సు ఒక స్టాపులో, అది వదిలిన పొగ ఇంకో స్టాపులో ఉన్నట్టు.

కానీ ఈ పనిలో ఉన్నవాళ్లకు సంగతి తెలుసు. రాడార్ బొమ్మలో కదలని వస్తువు తన చోటనే పడుతుంది. ఉపగ్రహం వైపు వచ్చేదో, దానికి దూరంగా పోయేదో అయితే మాత్రం లెక్క తప్పి పక్కకు జరిగి పడుతుంది. ఓడ కదులుతుంది కాబట్టి జరిగింది. నీళ్లు అక్కడే ఉన్నాయి కాబట్టి చార జరగలేదు. నిజంగా ఓడ ఉన్నది చార కొస దగ్గర, అంటే గీత లోపల. పైగా ఎంత జరిగిందో కొలిస్తే ఓడ వేగం కూడా తెలుస్తుంది. షీనా కొలిచింది. మనిషి పరుగెత్తేపాటి వేగం కూడా లేదు. చేపల ఓడ అంత నెమ్మదిగా పోయేది వల లాగుతున్నప్పుడే.

ఆమె ఇంకోసారి కొలిచింది, అదే వచ్చింది. మూడు వారాల్లో మొదటిసారి సంతోషమనేది కలిగింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక అలాగే కూర్చుంది. తర్వాత లేచి మూర్తిగారి గదికి వెళ్లింది.

శ్రీరామచంద్రమూర్తి ఆ ఆఫీసులో బొమ్మలు చదివేవాళ్లందరికీ పెద్ద. విశాఖపట్నం మనిషి, ఇప్పుడు హాబ్సన్‌విల్‌లో ఇల్లు. రిపోర్టు మీద ఆయన సంతకం పడితేనే అది గడప దాటుతుంది. చార సంగతి షీనాకు నేర్పింది కూడా ఆయనే. ఓడను నమ్మకు, నీళ్లను నమ్ము అని చేరిన మొదటి వారంలోనే చెప్పాడు. అభినయ్ చేరినప్పుడు ఆయన సెలవు మీద ఉన్నాడు, ఆ పాఠం వాడికి ఎవరూ చెప్పలేదు. ఆఫీసుల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి.

ఆయన బల్ల మీద ఫీజోవా పళ్ల సంచి ఉంది. మార్చి చివర ఆ ఊళ్లో పెరట్లో చెట్టున్న ప్రతివాళ్లూ ఆఫీసుకు సంచి మోసుకొచ్చి కనపడ్డవాళ్లకల్లా అంటగడతారు. మూర్తిగారు సంచి పక్కకు జరిపి, షీనా చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నాడు. తన తెర మీద బొమ్మ తెరిచాడు. గీతను తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూశాడు. చారను తనే కొలిచాడు.

“నువ్వు చదివింది కరెక్టే అమ్మాయ్,” అన్నాడు చివరికి. “ఓడ లోపలే ఉంది. వల కూడా నీళ్లలోనే ఉంది.”

పహారా ఓడ ఎక్కడుందని షీనా అడిగింది. ఆ వైపే ఉందనీ, సంతకం పడిన రిపోర్టు అందితే బయల్దేరుతుందనీ ఆయన చెప్పాడు. చెప్పినవాడు కలం వైపు చూడలేదు, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

“కూర్చో. ఇది ఈ పొద్దున మా ఆవిడ విజయకి ఎవరో ఫార్వర్డ్ చేశారు. మన తెలుగువాళ్ల గ్రూపులో. నీకు వినిపిద్దామనే నేను నీకోసం చూస్తున్నాను.”

నొక్కాడు. గదిలో లవ్లీ గొంతు వినపడింది.

“అందరికీ ప్రైస్ ద లార్డ్. నేను మనురేవా నుంచి లవ్లీని మాట్లాడుతున్నాను. మా ఆయన రెజినాల్డ్ ఈస్టర్న్ లాంతర్ అనే ఓడలో ఉన్నారు, చేతికి దెబ్బ తగిలి చాలా కష్టంలో ఉన్నారు. మా చెల్లి షీనా ఇక్కడ శాటిలైట్ ఆఫీసులో పని చేస్తది, తను ఆ ఓడని పైనుంచి చూసింది. బోర్డర్ లోపలికి వస్తే నేవీ వాళ్లు పట్టుకుంటారంట. మంగళవారం, గురువారం సాయంత్రం ఆరున్నరకి శాటిలైట్ దాని మీదుగా వెళ్తది. ఆ టైముకి మీరు ఎక్కడున్నా సరే, డ్యూటీలో ఉన్నా సరే, ఒక్క నిమిషం మోకరించి ఓడ లోపలికి రావాలని ప్రార్థన చెయ్యండి. ఈ మనవిని మీకు తెలిసిన విశ్వాసులందరికీ పంపండి.”

లవ్లీని తిట్టుకుంటున్నారు కదూ. తిట్టుకోకండి. ఆ సంఘంలో కష్టం వచ్చినవాళ్లు మొదట చేసేది అదే. జ్వరమైనా, వీసా అయినా, ఆపరేషన్ అయినా, పేరు చెప్పి, సంగతి చెప్పి, వేళ చెప్పి అందరినీ ఒకేసారి మోకాళ్ల మీద నిలబెట్టడం. ఎంత వివరంగా చెబితే అంత మంచిదని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నారు. దేవుడి దగ్గర దాచేదేముంటుందని లవ్లీ ఉన్నదున్నట్టు చెప్పేసింది. దేవుడితోపాటు ఇంకెవరెవరు వింటారో ఆమెకు తట్టలేదు.

“ఉపగ్రహం ఏ రోజు ఎటు చూడాలో మనం అడిగి పెట్టించుకుంటాం. అది ఈ గదికీ, మన క్లయింటుకీ తప్ప తెలియకూడదు,” అన్నాడు మూర్తిగారు. కోపంగా అనలేదు, అదే షీనాకు భరించరానిదైంది. “ఆరున్నర అని ఆవిడకి ఎవరు చెప్పారు?”

“నేనే సార్.”

శనివారం లవ్లీ వంటింట్లో గట్టు పట్టుకుని ఏడుస్తుంటే చెప్పింది. ఆదివారం చూస్తాం అక్కా, మంగళవారం చూస్తాం, గురువారం చూస్తాం, ఆరున్నరకల్లా మా కన్ను దాని మీదే ఉంటుంది అని. ఏదో ఒకటి చెప్పి ఏడుపు ఆపాలనుకుంది. ఆదివారం రాత్రికల్లా ఆ ఓదార్పు ప్రార్థన మనవి అయి కూర్చుంది.

మూర్తిగారు ఆ తర్వాత చెప్పినదంతా షీనాకు తెలిసినదే. బొమ్మ చదివేవాళ్లకు ఆ ఓడతో ఏ సంబంధమూ ఉండకూడదు. ఓడ పేరు కూడా ముందు తెలియకూడదు. గీత ఎక్కడుందో చూడకుండా చదవాలి, ఆ తర్వాతే గీత వేయాలి. రేపు ఓడను పట్టుకుంటే యజమాని తరఫు లాయరు ఊరుకోడు. ఈ మనవిని కోర్టులో వినిపిస్తాడు. ఓడ లోపల ఉండాలని మోకరించిన ఇంటి పిల్ల, ఓడ లోపల ఉందని రాసిందంటాడు. కేసు కొట్టేయడమే కాదు, ఆ కంపెనీ చదివిన ఏ బొమ్మనూ ఇకమీదట ఎవరూ నమ్మరు.

“నువ్వు చెప్పింది నిజం, షీనా. కానీ నువ్వు చెప్పావు కాబట్టి అది పనికిరాదు.”

షీనా బతిమాలింది. తన పేరు వద్దంది. అభినయ్‌ను పిలిచి చారను చూడమని ఒక్క మాట చెప్పమంది. చెబితే అది వాడు చూసినట్టు కాదు, తను చూపించినట్టు అన్నాడు ఆయన. పోనీ ఆయనే చదివినట్టు రాయమంది. తనకు చూపించింది ఆమే కదా అన్నాడు. ఎటు పోయినా అదే గోడ. నిజం ఇద్దరికీ తెలుసు, ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా అది చెడిపోతుంది. షీనాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

“బావ చెయ్యి పోతుంది సార్,” అంది.

మూర్తిగారు కిటికీ వైపు తిరిగాడు. ఆయన కళ్లు తడిశాయని షీనా చూసింది, ఆ తడి వల్ల ఒరిగేదేమీ లేదని కూడా ఆమెకు అర్థమైంది. వెల్లింగ్టన్‌లో బయటి మనిషి ఒకరున్నారనీ, ఓడ పేరూ, గీతా లేకుండా బొమ్మను వాళ్లకు పంపుతాననీ, గురువారానికి జవాబు వస్తుందనీ ఆయన చెప్పాడు. వాళ్లంతట వాళ్లు చారను పట్టించుకుంటే మన అదృష్టం. ఈ సాయంత్రపు వేళ మార్పించండి అని షీనా అడిగింది. ఇప్పుడు మార్చడం తన చేతిలో లేదన్నాడు. వేరే వేళకు కొత్తగా అడిగి చూస్తాను, కుదురుతుందని మాటివ్వలేను అన్నాడు.

తర్వాత చెయ్యి చాపి ఆమె ఆఫీసు కార్డు అడిగాడు. విచారణ అయ్యేదాకా ఆమె ఏ బొమ్మా తెరవకూడదు, అభినయ్‌కు ఫోను కూడా చేయకూడదు. షీనా కార్డు మెడలోంచి తీసి ఇచ్చింది. ఆయనకు ఇంకేం చేయాలో తోచక, ఫీజోవా పళ్లు నాలుగు కాగితంలో చుట్టి, అమ్మకివ్వమని ఆమె చేతిలో పెట్టాడు. షీనా వాటిని పట్టుకుని లిఫ్టు ఎక్కింది.

ఇల్లున్న మనురేవాకు పోయే రైల్లో కూర్చున్నాక గానీ ఆమెకు తమ చుట్టాల గ్రూపు తెరవడానికి ధైర్యం రాలేదు. లవ్లీ మనవి అక్కడా ఉంది. దాని కింద ఆమేన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు. కువైట్ నుంచి, హైదరాబాదు నుంచి, కాకినాడ నుంచి. అందరికంటే ముందు జవాబిచ్చింది జయరాజు.

‘ఆమేన్. ధైర్యంగా ఉండు తల్లీ. సాయంత్రం ఆరున్నర అంటే మీ టైమా, మా టైమా? మీ టైముకే మేమూ మోకరిస్తాం.’

కింద లవ్లీ జవాబు ఉంది. ‘మా టైము అంకుల్.’

షీనా దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ముసలాయన ప్రార్థన కోసమే అడిగి ఉండొచ్చు. రెజినాల్డును ఎక్కించింది ఆయనే కాబట్టి మనసులో బాధ ఉండే ఉంటుంది. ఓడ యజమానులతో ఆయనకు ఇంకా మాటలు ఉన్నాయో లేదో ఆమెకు తెలియదు. తెలియని సంగతి కదా అని మనసుకు సర్దిచెప్పుకోబోయింది. మనసు సర్దుకోలేదు.

ఇల్లు చేరేసరికి లవ్లీ పొద్దుటి డ్యూటీ నుంచి వచ్చేసి ఉంది. వృద్ధాశ్రమంలో కేర్‌గివర్ పని, ఊదారంగు యూనిఫాం ఇంకా విప్పలేదు. షీనా తల్లి గ్రేసమ్మ లాంజ్‌లో సోఫాలు గోడకు జరిపి, కింద దుప్పట్లు పరుస్తోంది. సాయంత్రం నలుగురు ఆడవాళ్లు వస్తామన్నారట. పరిచిన దుప్పట్లు చూడగానే షీనా దారంతా పోగుచేసుకున్న కోపం ఎటు పోయిందో పోయింది. పళ్లు తీసి గట్టు మీద పెట్టింది.

“లోపల ఉందా, బయట ఉందా?” అని అడిగింది లవ్లీ. ఈ మూడు వారాలుగా గుమ్మంలోకి రాగానే అడిగేది అదే.

చెప్పకూడదు. షీనాకు అది తెలుసు. ఉద్యోగం ఇప్పటికే సగం పోయింది, మిగతా సగం కూడా పోనీ అనుకుంది.

“లోపలే ఉంది అక్కా. ఆదివారం లోపలే ఉంది.”

లవ్లీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రేసమ్మ ఉన్నచోటనే కూలబడి స్తోత్రం, స్తోత్రం అంటూ కళ్లు తుడుచుకుంది. నేవీ బయల్దేరిందా, ఎప్పటికి చేరుతుంది, ఆయన్ని ఆక్లాండ్ తెస్తారా, వెల్లింగ్టన్ తీసుకుపోతారా, తను సెలవు పెట్టాలా అని లవ్లీ అడుగుతూనే ఉంది. ఆ ముఖంలోని వెలుగు చూడలేక షీనా నేలను చూస్తూ మిగతాది చెప్పింది. మూర్తిగారి ఫోనులో తన గొంతు వినపడిందని విన్నాక లవ్లీ నెమ్మదిగా సోఫా చేతి మీద కూర్చుంది.

“నేను ప్రేయర్ చెయ్యమని అడగడం వల్ల నువ్వు చూసింది అబద్ధం అయిపోద్దా?” అంది.

“అబద్ధం అవదు అక్కా. చెల్లదు.”

“రెండిటికీ తేడా ఏంటే?”

నాకూ తెలియదు, మీకు తెలిస్తే ఆ పిల్లకు ఎవరైనా చెప్పండి. దేవుణ్ణి అడగడం కూడా దాచిపెట్టుకుని అడగాలా అని లవ్లీ ఎవరినో అడుగుతున్నట్టు అంది. తర్వాత లేచి, బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుని, యూనిఫాం మార్చుకుని వచ్చింది. వృద్ధాశ్రమంలో ఎవరైనా పోయినప్పుడు కూడా ఆమె అలాగే చేస్తుందని గ్రేసమ్మ అంటుంటుంది. జయరాజు అంకుల్ అడిగిన మాట షీనా ఎత్తలేదు. ఉన్న బరువు చాలనుకుంది.

ఆరు దాటాక ఆడవాళ్లు వచ్చారు. కిటికీ అవతల ఇంకా ఎండ ఉంది, పక్కింటి పిల్లలు ట్రాంపొలీన్ మీద ఎగురుతున్నారు. ఆరున్నరకు అందరూ మోకరించారు. గ్రేసమ్మ గొంతెత్తింది, మిగతావాళ్లు అందుకున్నారు. ప్రభువా, ఓడను లోపలికి నడిపించు అని ఒకరు, ఆ కెప్టెన్ మనసు మెత్తబరచు అని ఇంకొకరు. షీనా కూడా మోకరించింది. కళ్లు మూసుకుంటే ఆమెకు దేవుడు కనిపించలేదు. మబ్బుల పైన, వాళ్ల కంపెనీ అడిగి పెట్టించిన కన్ను, పడమటి సముద్రం మీదుగా జారిపోవడం కనిపించింది. అది ఆగదు, వెనక్కి తిరిగి చూడదు. దాని దారిన అది పోతుంది, ఆ కాసేపట్లో ఏది పడితే అదే బొమ్మ. అది దాటిపోయిన తర్వాత గురువారం దాకా ఆ నీళ్ల మీద ఏం జరిగినా చూసేవాళ్లు ఉండరు.

చివరి ఆమేన్ కూడా అయింది. గ్రేసమ్మ టీ పెట్టడానికి లేచింది. అప్పుడు లవ్లీ ఫోను మోగింది. ఎప్పుడూ చూడని పొడుగాటి నంబరు.

“లవ్లీ, నేనే.”

లవ్లీ అరవలేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని, స్పీకరు నొక్కి, దుప్పటి మీద పెట్టి, దాని ముందు మళ్లీ మోకాళ్ల మీదికి వంగింది. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. దేవుడు విన్నాడమ్మా అని ఎవరో గొణిగారు. రెజినాల్డ్ గొంతు మాటమాటకూ తెగి, అటునుంచి గాలి హోరు వస్తోంది. కెప్టెన్ తన ఫోను ఇచ్చాడని చెప్పాడు. ఇంటికి ఒకసారి మాట్లాడించండి, వాళ్లు గొడవ చేయకుండా ఉంటారు అని జయరాజు అంకుల్ కంపెనీకి చెప్పాడట.

“చెయ్యి ఎలా ఉందండీ?”

“బానే ఉంది. సలుపు మొత్తం పోయింది. ఏళ్లు నల్లబడినయి గానీ ఇప్పుడు నొప్పే తెలవట్లేదు.”

గదిలో మిగతావాళ్ల ముఖాలు తేటపడ్డాయి. లవ్లీ ముఖం మాత్రం పాలిపోయింది. పుండ్లు కడిగి కట్లు కట్టే చేతులు ఆమెవి. నల్లబడిన వేలికి నొప్పి తెలియకపోతే అది చచ్చిపోయినట్టేనని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు.

జ్వరముందా, ఏం తింటున్నారు, నీళ్లు తాగుతున్నారా అని ఒక్కొక్కటే అడిగింది. రెజినాల్డ్ అన్నిటికీ బానే ఉంది అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. ఇంకో ఓడ వచ్చి పక్కన నిలబడిందట. వీళ్లలో కొందరిని అందులోకి మారుస్తారట, తన పేరు కూడా పిలిచారట. దాని పేరేంటని షీనా ఫోను మీదికి వంగి అడిగింది.

“షీనా, నువ్వా? పేరు లేదమ్మా దానికి. ముందర రంగేసి కొట్టేశారు.” గాలి హోరులో కొన్ని మాటలు పోయాయి. “...పొద్దుటినుంచీ అల్లంత దూరాన ఆగే ఉంది. మమ్మల్ని మూటలు కట్టుకుని డెక్కు మీద కూర్చోబెట్టారు. ఆరున్నర దాటేదాకా ఎవరూ కదలొద్దన్నారు. ఎందుకో మాకు తెలవదు. ఇప్పుడు దాటింది కదా, పక్కకొచ్చింది, తాళ్లు...”

గొంతు ఆగిపోయింది. లవ్లీ పేరు పెట్టి పిలిచింది, మళ్లీ పిలిచింది. ఫోను తెర మీద ఆ పొడుగాటి నంబరు కాసేపు ఉండి, పోయింది. దాని స్థానంలో చుట్టాల గ్రూపు తెరుచుకుంది. అన్నిటికంటే కింద, ఇప్పుడే వచ్చిన కొత్త మెసేజి. జయరాజు అంకుల్ పంపింది, చేతులు జోడించిన బొమ్మ.

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వంటింట్లో టీ పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినపడుతోంది, ఎవరూ లేవలేదు. లవ్లీ మోకాళ్ల మీద నుంచి లేవకుండానే షీనా వైపు తిరిగింది.

“ఆరున్నర అని వాళ్లకి ఎవరు చెప్పారే?” అని అడిగింది.